మీసాలక్క అతికించిన పురుగు

ఆ కార్ఖానాలో ఆమెను అందరూ మీసాలక్క అనేవారు. ఒంటికన్నా పొడవైన మీసాలుండే పెంకుపురుగులు అడవుల నుంచి ఎండిపోయి, కాళ్లు ముడుచుకుని, కాగితం పొట్లాల్లో వచ్చేవి. ఆమె వాటిని తడిగుడ్డ పరిచిన డబ్బాలో మెత్తబరిచి, ఒక్కో కాలూ సూదితో లాగి, విరిగిన మీసం అతికించి, అద్దాల పెట్టెలో నిలిపేది. పోగుచేసే సరదా ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కొనుక్కునేవారు. పంతొమ్మిదేళ్లు కిటికీ పక్క బల్ల దగ్గర అదే పని.

ఒకసారి తెల్లచుక్కల నల్లపురుగొకటి రెండు మీసాలూ ఊడిపోయి వచ్చింది. వేరే పురుగువి పెట్టేయమన్నాడు యజమాని.

"ఇవి దానివి కావు సార్. రంగు తేడాగా ఉంది."

"నువ్వు అతికిస్తే నాకే కనబడదక్కా. ఇంకెవడికి కనబడుతుంది?"

ఆ మెచ్చుకోలుకు ఆమె పొంగిపోయింది. ఆ మాట దాచుకోకుండా తనే చెబుతుంది.

దాన్ని కొన్న ప్రొఫెసరు మీసాల రంగు చూసి అది కొత్త జాతి అని వ్యాసం రాసి, దానికి యజమాని పేరే పెట్టాడు. ఆ వ్యాసానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. నాలుగేళ్లకు ఇంకో నిపుణుడు పురుగును తడిపి చూస్తే మీసాలు చేతికొచ్చాయి.

యజమాని అందరి ముందూ ఆమెను నిలబెట్టి, తనకు తెలియకుండా చేసిందని, నమ్మడమే తన తప్పని అన్నాడు. ఆమె పక్క బల్ల వైపు చూసింది. అక్కడ పెట్టెలు కట్టేది ఆమె మరిది. కాళ్లావేళ్లా పడి ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే. వేరే మీసాలు పెట్టమని యజమాని చెప్పినప్పుడు అతనూ విన్నాడు. ఇప్పుడు మాత్రం తలెత్తకుండా పెట్టెకు టేపు చుడుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆమె పని పోయింది.

నెల తర్వాత మరిది ఇంటికొచ్చాడు.

"నేను నోరు విప్పితే ఇద్దరం రోడ్డున పడేవాళ్లం వదినా."

"నిజమే. ఇప్పుడు ఒక్కదాన్నే పడ్డాను."

అతను తనను ఆమె బల్ల దగ్గర కూర్చోబెట్టారనీ, పురుగుల కాళ్లు పుటుక్కున విరిగిపోతున్నాయనీ నసిగాడు. ఎన్నాళ్లు తడిలో ఉంచాలని అడిగాడు.

"రెండు రోజులు. మూడోరోజుకి బూజు పడుతుంది," అందామె. ఏ కీలు దగ్గర సూది ఆనించాలో కూడా తన వేలు మీదే చూపించింది.

మరిది మీద కోపం ఎప్పుడో చల్లారిందట. ఆ రోజు అతనికి పని తప్పుగా చెప్పి పంపలేకపోయినందుకు తన మీద తనకే ఇప్పటికీ ఒళ్లు మండుతుందని నాతో అంటుంది.