లాఠీకి అడ్డం పడ్డ వరస

మా చౌరస్తాలో బండ్లు ఆపే హోంగార్డు సిద్దిరాములుకు ఒక్కటే జబ్బు. వరస కలపనిదే ఎవరినీ వదలడు. లైసెన్సు తర్వాతి సంగతి, ముందు "ఏ ఊరు? ఎవలోళ్లు?" అన్నది తేలాలి. ఆయన చేతి లాఠీ తువ్వాల ఆరేసుకోవడానికి తప్ప మరెందుకూ పనికొచ్చినట్టు నేనెరగను.

బడికి రోజూ అటే వెళ్తాను గనక మొదట్లోనే దొరికిపోయాను. "సార్, మీ అత్తగారిల్లు నిర్మల్ గద? గట్లైతే నాకు బావైతరు. బావా, హెల్మెట్ పెట్టుకో. మా అక్క పరేషాన్ అయితది." బావనయ్యాక పెట్టుకోక చస్తానా?

ఒకసారి నాందేడ్ లారీ డ్రైవరును పట్టుకుని అరగంట వరస వెతికాడు. "సాహెబ్, ఫైన్ రాసి పంపించు" అని అతను చేతులు జోడించాడు.

"ఫైన్ ఎటు వోతది మామా? ముందుగాల మీ అవ్వ పుట్టిన ఊరు జెప్పు."

కొత్తగా వచ్చిన ఎస్సై విక్రాంత్‌కు ఇదంతా చిరాకు. "ఇది చెకింగా, పెండ్లిచూపులా?" అని కసురుకునేవాడు. ఆయనకు నోటికన్నా చెయ్యి ముందు.

ఓ పొద్దున నేను హెల్మెట్ సర్దుకుంటుండగా రాకేశ్ అనే కుర్రాడు ఎస్సై చెయ్యెత్తినా ఆగకుండా బైకు ఉరికించాడు. అడ్డం పడి ఆపారు. దిగమంటే దిగడు, తాళం అడిగితే పిడికిలి బిగించాడు. "నేనేం దొంగనా? ఎందుకు దిగాలె? వచ్చేవారం దుబాయ్ పోవాలె నేను!" ఎస్సై కాలరు పట్టాడు. లాఠీ లేచింది. కుర్రాడి చెయ్యీ లేవబోయింది. ఆ చెయ్యి పడితే కేసు, కేసు పడితే ఇక దుబాయ్ మాట మరిచిపోవలసిందే.

ఇద్దరి మధ్యలో సిద్దిరాములు దూరాడు. "సార్, జర ఆగుండ్రి! మీరు పెరిగింది మందమర్రి గని క్వార్టర్లల్ల. వీనవ్వది గూడ గదే లైను. మీకు అక్కైతది. అంటే వీడు మీ మేనల్లుడు!"

లాఠీ గాలిలోనే ఆగింది. ఎస్సై కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎవలు? కొమురక్క కొడుకా?"

"ఆఁ, గామె కొడుకే."

కుర్రాడు నోరు తెరవబోతే సిద్దిరాములు వాడి కాలు తొక్కాడు. "మామకు తాళం ఇయ్యిరా."

వాడు దిగి తాళమిచ్చాడు. ఎస్సై లాఠీ దించాడు. చలానా మాత్రం రాసి, "అక్కను అడిగిన్నని చెప్పు" అన్నాడు. నాకైతే, లేచిన రెండు చేతులను ఒక్క మాటతో దించిన ఆ మనిషికి నడిరోడ్డు మీదే దండం పెట్టాలనిపించింది.

వారం తర్వాత ఎవరూ ఆపకుండానే ఒక కారు వచ్చి ఆగింది. రాకేశ్ దిగాడు. ఎయిర్‌పోర్టుకు పోతున్నాడట. "మామా, పోయొస్త."

ఎస్సై అటూ ఇటూ చూసి, "బెల్టు పెట్టుకో అల్లుడా" అన్నాడు. కారు కదిలాక సిద్దిరాములు వైపు తిరిగాడు. "మా కొమురక్కకు ఇద్దరూ ఆడపిల్లలే గదయ్యా. కొడుకే లేడు."

సిద్దిరాములు లాఠీ మీది తువ్వాల సర్దుకున్నాడు. "ఇప్పుడైతే ఉన్నడు గద సార్."