కదలని గాలి, సుశీల ఊపిరి

పోయినవి ముందు చెబుతాను. ధనుర్మాసపు ముప్ఫై ఉదయాల్లో పంతొమ్మిది. రెండు విడతలుగా ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. నా భార్య సుశీల గొంతులో పై స్థాయి మొత్తం.

మాది నౌపడ దగ్గర పల్లె. పదో తరగతి తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకుని, ఉప్పుమడుల దగ్గర బస్తాల లెక్క రాస్తున్నాను. సుశీల ఏటా ధనుర్మాసంలో తెల్లవారకముందే రామమందిరంలో మేలుకొలుపు పాడేది. కిందటేడు పన్నెండో రోజున పాట మధ్యలో ఆగిపోయింది. ఛాతీలో ఈల.

"మంచు పట్టేసింది మావా, అంతే," అంది.

నేనూ అదే నమ్మాను. తలుపులు బిగించి, ఆమె చెవులకు మఫ్లర్ చుట్టి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టాను. మూడో రోజుకు రెండు మాటలు కలిపి పలకలేకపోయింది. శ్రీకాకుళం తీసుకెళ్లాను. ఆక్సిజన్, నెబ్యులైజర్, కాస్త తేరుకున్నాక గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ.

"ఆస్తమా," అన్నారు డాక్టరు. "గదిలో ఏమైనా కాల్చారా?"

చెప్పాను.

"చలికాలం రాత్రుళ్లు గాలి కదలదండీ. ఇటుక బట్టీల పొగ, పొలాల్లో గడ్డి కాల్చిన పొగ పైకి పోలేక నేలబారునే ఉండిపోతాయి. దానికి మీరు కుంపటి కలిపారు."

గాలిని చూసి మడిలో ఉప్పు ఎన్నాళ్లకు పేరుకుంటుందో చెప్పేవాణ్ణి. నా గదిలో గాలి నాకు తెలియలేదు.

ఊదిన గాలి వేగం నిమిషానికి ఎన్ని లీటర్లో చూపే పీక్ ఫ్లో మీటర్ కొని రోజూ రెండు పూటలా ఊదించాను. మంచు కమ్మిన ఉదయం 210. సముద్రపు గాలి లేచాక 260. వానాకాలంలో జల్లు వెలిసిన పూట 340.

"నా ఊపిరి కూడా బస్తాల్లో తూస్తావేటి?" అని ఎగతాళి చేసేది.

ఆ 340 చూసి, డాక్టరు రోజూ పీల్చమన్న ఇన్హేలర్ మానేసింది. నేనూ వద్దనలేదు. కోతలయ్యి మళ్లీ పొగమంచు దిగేసరికి 190. మళ్లీ ఆసుపత్రి.

ఇప్పుడు ఇంకో ధనుర్మాసం.

"ఈ ఏడైనా పాడనిస్తావా మావా?"

"పొద్దెక్కి, గాలి లేచాక పాడు."

"సూరీడు నడినెత్తికొచ్చాక దేవుణ్ణి లేపమంతావేటి?" అని నవ్వింది. నవ్వు చివర దగ్గొచ్చింది.

మేలుకొలుపు వేరేవాళ్లు పాడుతున్నారు. సుశీల మూసిన కిటికీ వెనక కూర్చుని పెదవులు మాత్రం కదుపుతుంది.

చదివేవారికి ఒక్క మాట. మీటరు అంకె పక్కనే ఆ పూట గాలి ఎలా ఉందో రాయండి. బయటికి ఎప్పుడు వెళ్లకూడదో ఆ కాగితమే చెబుతుంది.

ఆమె వయసుకీ ఎత్తుకీ రావలసింది 380 అని డాక్టరు రాశారు. ఇన్హేలర్ మళ్లీ మొదలెట్టాక, ఈ ఉదయం 290. ఇంకా తొంభై రావాలి.