పాత ట్రాక్టర్‌కు లైకులు కొట్టినోళ్లకు

మన దమ్మపేట బడి గ్రూపుల పొద్దున మా రమేశన్న పాత ట్రాక్టర్ ఫొటో పెట్టిండు. గుర్తుందా మీకు, ఎండకు కాలే ఇనుప సీటు, దాని మీద గోనెసంచి, పిలగాండ్లమంతా ఎక్కి కూసునే వెడల్పు మడ్‌గార్డు? అందరూ లైకులు కొడుతున్నరు. నాకైతే ఒళ్లు మండింది.

ఆ బండి గేరుల ఉన్నా స్టార్ట్ అయ్యేది. మా పెద్దనాయిన, అంటే రమేశన్న నాయిన, కింద నిలబడే స్టార్ట్ చేసేటోడు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు అదే కంపెనీ కొత్త మాడల్ తెచ్చిండు. మెత్తటి సీటు, తేలికైన స్టీరింగు. కానీ ఎక్కి కూసొని క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయితది. పెద్దనాయినకు అది నామోషీ అనిపించింది. మెకానిక్‌ను పిలిపించి ఆ క్లచ్ స్విచ్చు తీసేయించి, తొక్కకున్నా స్టార్ట్ అయ్యేటట్టు వైర్లు కలిపించిండు.

"కంపెనీవోళ్లు ఊకెనే పెడ్తరా బావా?" అన్నది మా అమ్మ.

"బండ్ల సంగతి నీకేం ఎరుక" అన్నడు.

వారం తిరగలే. అమ్మ తోటల బండి ముందట రాలిన పామాయిల్ పండ్లు ఏరుతున్నది. గేరుల ఉన్నది చూస్కోకుండా ఆయన కింద నిలబడే తాళం తిప్పిండు. బండి ముందటికి దుంకి, టైరు అమ్మ పాదం మీదికెక్కింది. దవాఖానాల మూడు వేళ్లు తీసేసిన్రు. ఆయన మాత్రం కొత్త మాడలే మంచిది కాదని ఊరంతా చెప్పుకుంట తిరిగిండు.

ఇయ్యాల్టికీ అమ్మ ఎడమకాలి చెప్పు జారకుండ తాడు కట్టుకుంటది.

ఫొటో కింద రమేశన్న రాసిండు, "పాత బండ్లు మనిషి మాట వినేటివి" అని.

అవ్ అన్నా, వినేటివి. మా అమ్మ మాట మీ నాయినే వినలే.