అమావాస్య నాడు వెళ్ళని నకలు

నగరి మరమగ్గాల సంఘంలో కంప్యూటర్లు చూసుకునే గుణశేఖర్‌కు కుదురన్నది పుట్టుకతోనే లేదు. ఆఫీసుకు తాళం వేసి నాలుగడుగులు నడుస్తాడు, వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాడు, మళ్ళీ నడుస్తాడు, మళ్ళీ వస్తాడు. భార్య పంకజాక్షి మొదట్లో నవ్వేది, తర్వాత విసుక్కునేది, ఇప్పుడు రెండూ మానేసింది. నిజం చెప్పాలంటే సంఘం జీతమిచ్చేది ఆయన అనుమానానికే.

సంఘానికి అయిదు షెడ్లు. ఒక్కో షెడ్డులో ఒక కంప్యూటరు, అందులో చీరల డిజైన్లు. పోయిన సంవత్సరం ఒకటి పాడై ఎనిమిదేళ్ళ డిజైన్లు మట్టికొట్టుకుపోయాక, ప్రతి డిజైనుకూ గంటగంటకూ ఒక నకలు ఇంటర్నెట్‌లో దాచే క్లౌడ్‌లోకి పంపాలని తీర్మానించారు. ఎట్లా పంపాలో తేల్చే పని గుణశేఖర్ నెత్తిన పడింది. దారులు రెండే. ఏ షెడ్డు కంప్యూటరు ఆ షెడ్డు నుంచే నేరుగా క్లౌడ్‌కు పంపుకోవచ్చు. లేదా అన్నీ ఆఫీసు సర్వర్‌కు ఇస్తే అదొక్కటే బయటికి పంపుతుంది. నేరుగా అయితే క్లౌడ్ పాస్‌వర్డు అయిదు చోట్ల ఉంచాలి. ఒక్క తాళాన్నే పదిసార్లు లాగి చూసే మనిషి అయిదు తలుపులు ఎట్లా భరిస్తాడు? వారం రోజులు తిండి సయించక, చివరికి ఆఫీసు సర్వర్ అనే ఒక్క తలుపే చాలనుకున్నాడు. నకలు వెళ్ళిన ప్రతిసారీ తన ఫోన్ మోగేట్టు చేసుకున్నాడు. మూడు వారాలు గంటగంటకూ మోగింది. అయినా ఏదో మరిచిపోయానన్న గుబులు వదల్లేదు.

అమావాస్య వచ్చింది. ఆ రోజు సంఘంలో మగ్గం తిరగదు. సెలవే కదా అని గుణశేఖర్ సర్వర్‌కు బ్యాటరీ కొనడానికి తిరుపతి వెళ్ళాడు. మధ్యాహ్నం కొట్లో నిలబడి ఉండగా తట్టింది, పొద్దుటి నుంచి ఫోన్ మోగలేదని. వాచ్‌మన్ మునెయ్యకు ఫోన్ చేశాడు.

“ఆఫీసు మెయిన్ స్విచ్చి దించేసినా గదప్పా,” అన్నాడు మునెయ్య. “ఇరవై ఏండ్లుగా అమాసకు కర్పూరం ఎలిగించి దించేది నేనే గదా. తాళం ఏసుకోని సత్యవేడుకు వచ్చేసినా, మా బిడ్డింటికి.”

గుణశేఖర్ కాస్త తేలికపడ్డాడు. పనే లేనినాడు నకలు దేనికి? పక్క కొట్లో టీ చెప్పాడు. రెండు గుక్కలు తాగాడో లేదో తిరుమలయ్య గుర్తొచ్చాడు.

తిరుమలయ్య సంఘంలో అందరికంటే పాత డిజైనరు. అరవై ఏళ్ళ వయసులో కంప్యూటరు మీద గీయడం నేర్చుకుని పడుచువాళ్ళ నోళ్ళు మూయించాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి, చేయి వణుకుతోంది. మగ్గాలు తిరుగుతుంటే నేల అదిరి ఆ వణుకు మరీ ఎక్కువవుతుంది. అందుకని ఆయన గీసేది అమావాస్య నాడే, మూడో షెడ్డులో, ఒంటరిగా. ఊరంతా ఎరిగిన సంగతే. మగ్గాల ఇంట్లో పుట్టిన గుణశేఖర్ వైర్లు లెక్కపెట్టాడు, పాస్‌వర్డులు లెక్కపెట్టాడు, ముసలాయనను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. షెడ్డులో కరెంటు ఉన్నా, ఆఫీసు సర్వర్ ఆగితే ఆయన గీసింది బయటికి పోదు.

టీ అక్కడే వదిలేసి బస్సెక్కాడు. తిరుమలయ్య ఫోన్ ఎత్తలేదు. గీసేటప్పుడు ఎత్తడు. పుత్తూరు దగ్గర ఆకాశం నల్లబడి ఉరుములు మొదలయ్యాయి. స్టాపు స్టాపుకూ బస్సు ఆగుతుంటే కండక్టర్ మీద విరుచుకుపడ్డాడు. తన మీద తనకున్న కోపమే అది.

నగరిలో దిగేసరికి వాన వెలిసింది. మూడో షెడ్డు నిండా కాలిన వాసన. పక్కనే పిడుగు పడి కంప్యూటరు మాడిపోయింది. తిరుమలయ్యకు దెబ్బ తగల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“పులికాట్ పిట్టలబ్బా,” అన్నాడు. “అంచు నిండా ఎగరతా పోయేటివి. పొద్దన్నుంచి పదకొండు గీసినా. ఒగదానికీ సెయ్యి వొణకలా. ఇదే నా ఆఖరి డిజైను అనుకుంటి. నకలు ఉండాది గదా?”

గుణశేఖర్ మాడిన కంప్యూటరు వైరు పీకి పక్కన పెట్టాడు. “లేదు పెద్నాయనా. తప్పు నాదే. మీరు గీస్తారని తెలిసీ మర్సిపోయినాను.”

తిరుమలయ్య తిట్టినా బాగుండేది. “రేపు మగ్గాలు తిరగతాయి,” అన్నాడు. “వచ్చే అమాసకు ఈ సెయ్యి నా మాట యింటాదో లేదో.”

ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే గుణశేఖర్ మూడో షెడ్డులో నేసేవాళ్ళందరి ముందూ తన తప్పు చెప్పుకున్నాడు. ఒక్క పూట మగ్గాలు ఆపమని బతిమాలాడు. గోడవార మగ్గం నడిపే లోకేశ్వరి ముందుగా తన స్విచ్ కట్టేసింది.

“ఆయప్ప గీసిందే గదా మనం నేసేది,” అంది.

ఒక్కొక్కటిగా మగ్గాలన్నీ ఆగాయి. గుణశేఖర్ వేరే కంప్యూటరు తెచ్చి పెట్టి, ఈసారి ఆఫీసు సర్వర్‌తో పనిలేకుండా నేరుగా క్లౌడ్‌కు కలిపాడు. పాస్‌వర్డు ఇంకో చోట పెట్టడమంటే రెండో తలుపు తెరవడమే. అయినా తెరిచాడు.

మధ్యాహ్నానికి తిరుమలయ్య పెన్ను కింద పెట్టాడు. తెర మీద ఏడు పిట్టలున్నాయి. ఏడోదాని రెక్క గీత వణికింది.

“నిన్న పదకొండు అన్నారు గదా పెద్నాయనా?”

“నాలుగు ఎగిరిపోయినాయిలే.”

అప్పుడే ఫోన్ మోగింది. నకలు వెళ్ళింది. గుణశేఖర్ దాన్ని తెరిచి పిట్టల్ని లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఏడే.