గోరింక కాలి కడియం

దాలమ్మది టెక్కలి వైపు. పెళ్ళై రాయపూర్ వచ్చి, భర్త పోయాక ఆయన పనిచేసిన వ్యాగన్ వర్క్‌షాప్‌లోనే పెయింటర్‌గా చేరింది. పదిహేనేళ్ళుగా ఆమె వేసిన రంగు దేశమంతా తిరుగుతోంది.

వర్క్‌షాప్ వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్ల గోడ కన్నాల్లో గోరింకలు గూళ్ళు పెడతాయి. పక్కింటి భీమారావు కూతురు ప్రియదర్శిని వాటి మీదే పరిశోధన చేస్తోంది. 2017 వేసవిలో డెబ్భై గోరింక పిల్లల కాళ్ళకు ఎర్ర ప్లాస్టిక్ కడియం, నంబరున్న సన్నని అల్యూమినియం కడియం తొడిగింది. నిచ్చెన పట్టింది దాలమ్మే.

"ఎన్ని ఎగిరాయో కాదత్తా, ఎన్ని బతికి తామూ పిల్లల్ని పెంచాయో చూడాలి. మూడు పిల్లల తల్లి నెగ్గిందో, అయిదు పిల్లల తల్లి నెగ్గిందో అప్పుడే తెలిసేది," అనేది ప్రియదర్శిని.

రెండేళ్ళు గడిచాయి. ఎర్ర కడియం ఒక్కటీ కనబడలేదు. జూన్ ఆఖరుకల్లా ఒక్క పక్షైనా దొరక్కపోతే పని ఆపేయమన్నాడు ప్రొఫెసరు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

"మరి ఆ తెల్ల కడియాలేటి?" అంది దాలమ్మ, ఎదురు గోడ మీద గోరింకను చూపిస్తూ.

"అవి మనవి కాదత్తా. పక్కన అభన్‌పూర్‌లో నాతో చదివే పృథ్వీ తొడిగినవి. పదకొండున్నాయి, లెక్కలోంచి తీసేశాను."

దాలమ్మ నవ్వింది. "ఓలమ్మీ, ఇంత సదువూ సదివి రంగు సంగతి తెల్దేటే! రెండు ఎండలు తగిల్తే లాల్ రంగు సఫేద్ అయిపోద్ది. ముందు పోయేది ఎరుపే. పట్టు దాన్ని!"

మర్నాడు పొద్దున్నే కన్నానికి వల కట్టారు. నోట్లో మిడతతో వచ్చిన గోరింక చిక్కింది. ప్రియదర్శిని దాన్ని పట్టుకుంటే దాలమ్మే భూతద్దం పెట్టి అల్యూమినియం కడియం మీది నంబరు చదివింది. "నలభై మూడు."

"అత్తా! మీ వంటింటి గోడలో పుట్టిందే ఇది!"

మూడు రోజుల్లో పదకొండూ పట్టారు. అన్నీ వాళ్ళవే, అన్నీ పిల్లలకు మేత పెడుతున్నవే. అందులో తొమ్మిది, మూడేసి పిల్లలున్న గూళ్ళలో పుట్టినవి. అయిదేసి పిల్లలు కిక్కిరిసిన గూళ్ళ నుంచి వచ్చినవి రెండే.

"ఒక్క పిల్లనే కన్నానని అందరూ నన్నే దెప్పేవోరు. రమ్మను, ఇప్పుడొచ్చి లెక్క సూస్కోమను!" అంది దాలమ్మ.

ముప్ఫయ్యో తేదీన ప్రొఫెసరు ఫోన్ చేశాడు. ఇంకో మూడేళ్ళు సాగించమన్నాడు. ఈసారి కడియాల రంగు మాత్రం పెయింటర్‌గారినే ఎంచమన్నాడు.

"నలుపు. ఎండకి పోనిది అదొక్కటే," అంది దాలమ్మ, ఇంకో ఆలోచన లేకుండా.