జున్ను ఆవును దాచిన పొద్దు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీకంలో మొదటి సోమవారం, పొద్దున ఎనిమిది గంటలు. మా ఇంట్లో గడియారం లేదు. పశువుల డాక్టరు తన చేతి గడియారం చూసుకుని "ఎనిమిదాయె, బిరబిరా తోలుకొని రాండప్పా" అని అరిచాడు కాబట్టి తెలుసు.

మాది కె.ఆర్.పురం పక్క పల్లె. సర్జాపుర వైపు పశువులకు పెద్దరోగం తగిలిందని, ఇంటింటి పశువునూ చూసి రాసుకోవడానికి వచ్చాడాయన. కళ్లు కారతాయి, నోరు పుండవుతుంది, పారుడు పట్టి వారంలో పశువు పోతుంది. తగిలినదాన్ని ఊరి బయట కట్టేస్తే మిగిలినవి బతుకుతాయి.

వాకిట్లో మా ఎద్దుల జత, పక్కింటామె ఎనుములు రెండు. మొగుడు పోయిన ఆమెకు ఆ పాలే కూడు. లోపల గొంగడి చాటున మా ఆవు. పది రోజుల కిందట సర్జాపురలోని మా పుట్టింటివాళ్లు తోలిచ్చింది, ఈని అయిదు రోజులు. జున్నుపాలు తీరేదాకా ఈనిన ఆవును పరాయి కంట పడనివ్వరు మావాళ్లు, దిష్టికి పొదుగు ఎండుతుందని. అది తాగగా మిగిలిన కుడితి పక్కింటి ఎనుములకు పోసేవాళ్లం. అదొక మంచితనం.

"ఇంకేమన్నా ఉండాయా?" అన్నాడు డాక్టరు.

"లేవు సామీ" అన్నాడు మా మామ.

"లోపల ఒకటి ఉండాది. నిన్నట్నుంచి కండ్లు కారతా ఉండాయి" అన్నాను నేను.

అత్త గిర్రున తిరిగింది. "కారేది దీని కండ్లు సామీ, ఆవువి కాదు. పుట్టింటి గొడ్డంటే దీనికి అంత ఏడుపు!"

అందరూ నవ్వారు. డాక్టరు గొంగడి వైపు రెండడుగులు వేశాడు. అత్త అడ్డం నిలిచింది. "పురిటికాడికి మగోడు వస్తాడా?"

ఆయనకింకా మూడు పల్లెలు తిరగాలి. వెనక్కి తిరిగి పుస్తకంలో ఏదో గీకి, మామ చేత వేలిముద్ర వేయించాడు.

"ఏం రాస్తివి సామీ?" అన్నాను.

"చదివి తప్పులు దిద్దుతావా ఏందమ్మా?" అన్నాడు. మళ్లీ నవ్వు.

ఆ సాయంత్రం ఆవు మిగిల్చిన కుడితి పక్కింటి ఎనుములకు నా చేతనే పోయించింది అత్త. పోశాను.

గురువారం ఆవు పోయింది, వెనకే దూడ. తర్వాత పక్కింటి ఎనుములు రెండూ, మా ఎద్దొకటి. డాక్టరు చెయ్యి చెడ్డదని, ముట్టిన గొడ్డల్లా పడిందని అత్త ఊరంతా చాటింది. ఆవును ఆయన ముట్టనే లేదని ఒక్కరూ అనలేదు. పక్కింటామె కూలికి పోయి, మా అత్త పోసిన గంజే తాగుతూ ఆయన్ను తిట్టింది. ఆమె మీదా నాకు జాలి లేదు.

అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఆ పుస్తకంలో ఎక్కనిది ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఆ పొద్దు వాకిట్లో ఉన్నది వీళ్లు: వేలిముద్ర వేసిన మామ. అడ్డం నిలిచిన అత్త. పేడ వైపు చూస్తూ నోరు మెదపని నా మొగుడు. గడియారం డాక్టరు. అందరికంటే గట్టిగా నవ్విన పక్కింటామె. కుడితి కుండతో నేను.