వందనం అయ్యేదాకా

నా చిన్నప్పుడు లెక్కలు నాకు ఇంట్లో వచ్చేవి, పరీక్షలో వచ్చేవి కావు. అరుగు మీద కూర్చుంటే ఎంత చిక్కు లెక్కయినా తప్పు లేకుండా చేసేదాన్ని. అదే లెక్క ప్రశ్నపత్రంలో కనబడితే చేతులు చల్లబడేవి. గంట ఎక్కడ కొట్టేస్తారోనని ప్రశ్న సగం చదివి రాయడం మొదలుపెట్టేదాన్ని. అర్ధ సంవత్సర పరీక్షలో, తొట్టి నిండడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, ఖాళీ కావడానికి ఎంతసేపో లెక్కకట్టి వచ్చాను.

మాది వేమూరు దగ్గర పల్లెటూరు. ఆ ఏడు నాకు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. సెంటరు తెనాలిలో. ఈసారి తప్పితే బడి మాన్పించి కుట్టుమిషను నేర్పిద్దామని మా నాన్న అమ్మతో అంటుండగా విన్నాను. ఆయన కోపంగా అనలేదు, మామూలుగా అన్నారు. అందుకే నాకు మరీ భయం వేసింది. అన్నం సహించడం మానేసింది.

మా తాతయ్య సాయంత్రాలు గడ్డివాము పక్కన మగపిల్లలకు కర్రసాము నేర్పేవారు. ఒకరోజు నా చేతికీ ఒక వెదురుకర్ర ఇచ్చారు.

"ఆడపిల్లకి కర్రసామేంటండి, చోద్యం కాకపోతే!" అని నాయనమ్మ వంటింట్లోంచే అరిచింది.

"నీ మీదకి రాదులేవే, నువ్వు పులుసు చూసుకో" అన్నారు తాతయ్య.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. తలపడే ముందు ఇద్దరూ వందనం చేయాలి. కర్ర కింద పెట్టి, నేలను తాకి కళ్ళకద్దుకుని, నాలుగు దిక్కులూ చూసి, అప్పుడు కర్ర ఎత్తాలి. నేను దాన్ని రెప్పపాటులో ముగించేదాన్ని. ఎదురుగా మా బాబాయి కొడుకు నిలబడితే, వాడు మీద పడేలోగా నేనే కొట్టాలని కంగారు. పాదాలు కుదురుకోకముందే కర్ర విసిరి, గాలిని కొట్టి, మణికట్టు మీద దెబ్బ తినేదాన్ని. "అక్కా, నేనిక్కడున్నానే!" అని వాడు పక్కనుంచి వెక్కిరిస్తే అందరూ నవ్వేవాళ్ళు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం తాతయ్య వాణ్ణి తప్పించి, తానే నా ఎదుట నిలబడి కర్ర పైకెత్తారు. నేలను తాకీ తాకకుండానే లేవబోయాను.

"వంగు. ఇంకా కాలేదు" అన్నారు.

వంగి నేలను తాకాను. ఆయన కర్ర కదలలేదు. కళ్ళకద్దుకున్నాను. కదలలేదు. ఒక్కో దిక్కూ చూశాను. అంతసేపూ ఎత్తి ఉంచిన ఆయన చెయ్యి దిగలేదు.

"నీ వందనం అయ్యేదాకా నేను కొట్టకూడదే అమ్మాయ్. ఆ కాసేపూ నీదే. నీదాన్ని నువ్వే పారేసుకుంటే నేనేం చేసేది?"

ఆ రోజు ఆయన దెబ్బను మొదటిసారి కర్రతో ఆపాను. తరువాతి దెబ్బ భుజానికి తగిలింది, అది వేరే సంగతి.

లెక్కల పరీక్ష మంగళవారం. ప్రశ్నపత్రం చేతికి రాగానే ఎప్పటిలాగే చేతులు చల్లబడ్డాయి. పక్క బల్ల పిల్ల అప్పుడే రాసేస్తోంది. నేను కలం కింద పెట్టి, బల్లను తాకి కళ్ళకద్దుకుని, కిటికీ, తలుపు, నల్లబల్ల, గోడ వరసగా చూశాను.

"ఏంటమ్మాయ్, ఆ దిక్కులు చూడ్డం?" అని గదిలో కాపలా ఉన్న మాస్టారు గద్దించారు.

"వందనమండి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు మొదటి ప్రశ్న చివరిదాకా చదివాను.

ఏడో తరగతి గట్టెక్కాను. హైస్కూల్లో చేర్పించడానికి నాన్నే వెంట వచ్చారు. కర్రసాము నేర్చుకుంటే మార్కులు వస్తాయని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. లెక్కలు చేస్తేనే వస్తాయి, నేను చేశాను. వచ్చిన లెక్కను చెడగొట్టే కంగారును ఎదుట నిలబెట్టి ఉంచడం మాత్రం కర్ర పట్టుకున్నాకే తెలిసింది.

ఆ భయం ఈ వయసుకీ పోలేదు. మొన్న కంటి ఆపరేషనుకు ముందు కాగితాలిచ్చి సంతకం పెట్టమన్నారు. చేతులు చల్లబడ్డాయి. "కానివ్వండి మామ్మగారూ, అవతల జనం ఉన్నారు" అంది నర్సు. "భయంగా ఉందమ్మా, అందుకే నిదానంగా చదువుతున్నా" అని చెప్పి, కలం పక్కన పెట్టి, చివరి పంక్తిదాకా చదివాకే సంతకం పెట్టాను.